తువ్వాలు వేసిన సీటు

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో, నాకు తెలియని సంగతి ఏదైనా ఉందంటే అది మా కర్నూలు గ్రంథాలయంలో లేనిదే అయి ఉంటుందని నా గట్టి నమ్మకం. డిగ్రీ రెండో ఏట ఆపేసి, ఫ్యాను కింద మూల బల్ల దగ్గర కూర్చుని, అట్టలు ఊడిన కంప్యూటరు పుస్తకాలన్నీ చదివి ఎనిమిది నోటు పుస్తకాలు నింపాను. వాటినే సర్టిఫికెట్లుగా చూపించి ఉద్యోగం సంపాదించినవాణ్ణి మరి. (ఇంటర్వ్యూలో వాళ్లు అడగకపోయినా ఆరో నోటు పుస్తకం తెరిచి పెట్టాను. ఎవరూ ఏమీ అనలేదు, పాపం.)

మా చిన్న ఆఫీసులో పని చిత్రమైనది. వర్చువల్ మెషీన్ అంటే ఒక పెద్ద కంప్యూటరులో అద్దెకుండే చిన్న కంప్యూటరు అనుకోండి. హైపర్‌వైజర్ ఆ ఇంటి ఓనరు. అద్దెకున్నవాడు తన గదికి తన తాళం వేసుకుంటాడు. కానీ నీళ్ల మోటారు స్విచ్చి పై అంతస్తులో ఓనరు చేతిలోనే ఉంటుంది కదా, అలాగే నెట్‌వర్కూ డిస్కూ ఓనరు ఇస్తేనే వస్తాయి. వాటిని తెచ్చుకోవడానికి ఓనరుతో మాట్లాడే ముక్క పేరు డ్రైవర్. పాతకాలం డ్రైవర్లు ఓనరు ఏం చెప్పినా నమ్మేవి. ఓనరే దొంగైతే ఏం గతి? అప్పుడు కూడా కూలిపోకుండా డ్రైవర్‌ను గట్టిపరచడమే మా పని.

ఈ పనిలో నా గురువును అందరూ అబద్ధాల భాయ్ అనేవారు. మనిషి జన్మలో ఒక్క అబద్ధమాడి ఎరుగడు. ఆయన రాసిన ప్రోగ్రామ్ మాత్రం దొంగ ఓనరు వేషం కట్టి, డ్రైవర్‌తో గుక్క తిప్పుకోకుండా అబద్ధాలాడేది. అంత నిజాయితీపరుడికి అన్ని రకాల మోసాలు ఎలా తోచేవో నాకిప్పటికీ ఆశ్చర్యమే. నన్ను పరీక్షించడానికి ఇచ్చిన మూడు నెలల గడువు శనివారంతో ముగుస్తుంది. ఆలోగా నా నెట్‌వర్క్ డ్రైవర్ ఆ అబద్ధాలకు తట్టుకుని నిలబడితే ఉద్యోగం ఖాయం. లేకపోతే మళ్లీ మూల బల్లే.

శుక్రవారం మధ్యాహ్నానికి అది పదిహేనోసారి కూలింది. నాకు రోషం వచ్చింది. ఓనరుతో కలిసి వాడుకునే పలక లాంటి జాగా ఒకటి ఉంటుంది. వస్తున్న సమాచారం మూట ఎంత పొడుగో ఓనరు దాని మీద రాస్తాడు. ఆ అంకె నా గదిలోని చోటుకు సరిపోతుందా లేదా అని ఒకచోట కాదు, నాలుగు చోట్ల చూసేలా రాశాను.

"భాయ్, నాలుగు చోట్ల చూస్తాండా! ఇంతకంటే అనుమానం నా చేత కాదు" అన్నాను.

"నాలుగు తూర్లు చూస్తాండావా? ఎందుకప్పా లైబ్రరీ, అన్ని తూర్లు?" అన్నాడు భాయ్, టీ ఊదుకుంటూ. నన్ను అలాగే పిలిచేవాడు. "శానా అలిసిపోయినావు, ఇంటికి పో. రేపు చూద్దాం."

బస్టాండులో మా ఊరు ఓర్వకల్లు మీదుగా పోయే నంద్యాల బస్సు నిలబడి ఉంది. బోర్డు చూసుకుని, కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేసి, టీ తాగడానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి తువ్వాలు వేసినచోటే ఉంది. దర్జాగా కూర్చుని, డ్రైవర్ కోడు కాగితాలు ఒళ్లో పరుచుకుని తల దించేశాను. కండక్టరు నా దాకా వచ్చేసరికి బస్సు ఊరు దాటిపోయింది.

"యాడికప్పా?"

"ఓర్వకల్లు."

"ఓర్వకల్లా! ఇది ఎమ్మిగనూరు పోతాది."

"బోర్డు చూసే కదన్నా ఎక్కినా!"

"ఎప్పుడు చూసినావు?"

"తువ్వాలు ఏసేటప్పుడు."

"ఎమ్మిగనూరు బండి చెడిపోయిందని ఆ తర్వాత దీనికి బోర్డు మార్చినాం. గొంతు పోయేట్లు అరిస్తిమి గదప్పా, యాడుంటివి?"

"తువ్వాలు ఆడనే ఉండాది గదా అని..."

పక్క సీటు అవ్వ పకపకా నవ్వింది. "తువ్వాలు యాడికీ పోలే నాయినా, బస్సే పోతాండాది!"

బస్సంతా నవ్వింది. నేను మాత్రం ఒళ్లో కాగితాలకేసి చూశాను. సీటు అదే, తువ్వాలు అదే, పోయే ఊరే మారింది. నా డ్రైవర్ చేస్తున్నదీ ఇదే! పలక మీద అంకె సరిగ్గా ఉందో లేదో చూస్తుంది, ఆ తర్వాత మూట దించుకునేటప్పుడు మళ్లీ ఆ పలకనే చూస్తుంది. ఈ రెండు చూపుల మధ్య ఓనరు అంకె మార్చేస్తాడు. నేను గర్వంగా నాలుగుసార్లు చూడడమంటే, బోర్డు మార్చడానికి వాడికి నాలుగు అవకాశాలివ్వడమే.

"ఆపన్నా, దిగుతా!" అని అరిచాను. (తువ్వాలు మరిచిపోయి దిగాను. అవ్వ కిటికీలోంచి విసిరింది.)

ఆటోలో పడి ఆఫీసుకు చేరేసరికి భాయ్ తాళం వేస్తున్నాడు. "భాయ్, ఒక్క తూరే చూడాల! అంకెను మన గదిలోకి తెచ్చుకుని, తలుపేసుకుని అప్పుడు తనిఖీ చేయాల. మళ్లీ బయటికి తొంగి చూడకూడదు!" అన్నాను రొప్పుతూ. భాయ్ నవ్వి, వేసిన తాళం మళ్లీ తీశాడు. ఆయనకు నా తప్పు మొదటిరోజే తెలుసని ఆ నవ్వుతో అర్థమైంది. చెప్పేసి ఉంటే అది తొమ్మిదో నోటు పుస్తకంలో ఒక వాక్యమయ్యేది, అంతే.

మూడు తనిఖీలు కొట్టేశాను. మిగిలిన ఒక్కటీ మా గదిలోకి తెచ్చుకున్న నకలు మీద పెట్టాను. అబద్ధాల ప్రోగ్రామ్‌ను తెల్లవార్లూ నడవనిచ్చి ఇళ్లకు వెళ్లాం. శనివారం పొద్దున వచ్చి చూస్తే నా డ్రైవర్ నిలబడే ఉంది. భాయ్ తన టీ నా ముందు పెట్టి, "ఇంగ నా అబద్ధాలు నీ కాడ చెల్లవప్పా" అన్నాడు. ఉద్యోగం ఖాయమన్న కాగితం తర్వాతెప్పుడో వచ్చింది కానీ, నాకు మాత్రం ఆ టీతోనే ఖాయమైంది.

ఆ సాయంత్రం బస్సులో నిన్నటి కండక్టరే. ముందు కూర్చున్నాను, ఆ తర్వాత అడిగాను.

"అన్నా, ఓర్వకల్లు పోతాదా?"

"ఏమప్పా, ఈ పొద్దు బోర్డు చూడలేదా?"

"చూసినా. అందుకే అడుగుతాండా."

ఇప్పుడు నా బల్ల దగ్గర ఎవరూ నోటు పుస్తకాలు అడగరు, నేనూ చూపించను. కానీ బస్టాండు మీదుగా పోయినప్పుడల్లా ఒళ్లో కాగితాలు పరుచుకుని, తప్పు బస్సులో అంత ధీమాగా కూర్చున్న ఆ లైబ్రరీ కుర్రాడు కళ్ల ముందు మెదులుతాడు. లేపి చెప్పాలనిపించదు. ఊరు దాటేదాకా పోనీలే అనిపిస్తుంది.