అదే ట్రేలో లాగించిన కేబుల్

2021లో విశాఖ పోర్టు దగ్గర ఒక బొగ్గు యార్డులో కన్వేయర్ బెల్టుకు కేబుళ్లు వేయించాను. మోటార్లకు కరెంటు మోసే లావుపాటి పవర్ కేబుళ్లు ఒక దారిన, బెల్టు సంగతులు కంట్రోల్ రూముకు చేరవేసే సన్నటి కమ్యూనికేషన్ కేబుల్ ఇంకో దారిన వెళ్లాలి. కేబుళ్లను మోసే ఇనుప ట్రే ఒకటే అయి, రెండూ అందులో ఆనుకుని నడిస్తే పవర్ కేబుల్ గోల రెండోదాంట్లోకి దూరి, జరగనిది జరిగినట్టు చూపిస్తుంది. దాన్ని నాయిస్ అంటాం. ఈ పనిలో చేరిన కొత్తలోనే నేర్పే పాఠం ఇది.

రెండో ట్రేని గోడకి నిలబెట్టే బ్రాకెట్లు రాలేదు. బొగ్గు ఓడ వచ్చే రోజు దగ్గరపడింది. "అందులోనే లాగించెయ్ బావా, బ్రాకెట్లొచ్చాక మార్సేద్దుం" అన్నాడు సూపర్‌వైజర్ రమణ. లాగించేశాను. తర్వాత బ్రాకెట్లు వచ్చాయి, ఉప్పుగాలికి తుప్పు కూడా పట్టాయి. కేబుల్ మాత్రం మార్చలేదు.

బెల్టు పక్కన పొడవునా పుల్‌కార్డ్ అనే తాడు ఉంటుంది. ప్రమాదం వస్తే దాన్ని లాగాలి, ఆ సిగ్నల్ సన్నటి కేబుల్లోంచి వెళ్లి బెల్టు ఆగాలి. ఎవరూ లాగకుండానే లాగినట్టు సిగ్నల్ వచ్చి బెల్టు ఊరికే ఆగిపోయేది. విసిగిపోయిన ఆపరేటర్ ఆ సిగ్నల్‌ని బైపాస్‌లో పెట్టాడు, అంటే తాడు లాగినా బెల్టు లెక్కచేయకుండా చేశాడు. ఆ సంగతి నాకు చెప్పాడు కూడా. చూస్తానన్నాను. చూడలేదు.

ఒక మధ్యాహ్నం బెల్టు కింద బొగ్గు ఊడుస్తున్న కూలీ సన్యాసి కుడిచెయ్యి రోలర్‌లో పడింది. మోచేతి పైదాకా తీసేశారు.

బైపాస్‌లో ఉన్న సిగ్నల్ రికార్డులోకి ఎక్కలేదు. అందుకని తాడు లాగకపోవడం సన్యాసి తప్పేనని విచారణలో రాసుకున్నారు. ఆసుపత్రికి వెళ్తే అతను నా మొహం చూడకుండా అన్నాడు.

"రెండుపాల్లు లాగినాను బాబూ. ఆగనేదు. లాగనేదని అందరూ అంతంటే, నాను మర్సిపోనానేటో అనిపిత్తంది."

సిగ్గుతో చచ్చిపోయాను. నువ్వు రెండుసార్లూ లాగావు, తప్పుదారిన కేబుల్ వేసింది నేను అని చెప్పాను. విచారణ కమిటీకీ అదే రాసిచ్చాను. నా ఉద్యోగం పోయింది, అందులో అన్యాయమేమీ లేదు.

ఇప్పుడు వేరేచోట పని చేస్తున్నాను. 'తర్వాత మారుద్దాం' అంటే పని ఆపించేస్తాను. చాదస్తుడని వెనక నవ్వుకుంటారు. ఆరోజు వార్డు బయట సన్యాసి భార్య అడిగింది వాళ్లు వినలేదు.

"తప్పని తెలిసినోలు, ముందే ఎందుకు మార్సనేదు బాబూ?"

బ్రాకెట్లు లేవని చెప్పబోయాను. అవి వచ్చి అప్పటికి నాలుగు నెలలు.