హాల్లోకి వెళ్లిన పరుపు

నేను జన్మలో ఒక్క బీడీ కూడా ముట్టలేదు. అయినా ఊపిరితిత్తులు చెడిపోయాయి. రేపల్లెలో మా అత్తగారి కట్టెల పొయ్యిని ఇరవై ఏళ్లు ఊదినందుకు దొరికిన బహుమానం అది. సీఓపీడీ అన్నారు, ఊపిరిగొట్టాలు ఇరుకైపోయే జబ్బట. నలభై ఏడేళ్లకే నాలుగు మెట్లెక్కితే రొప్పు.

జబ్బు బయటపడిన కొన్నాళ్లకే మా ఆయన పరుపు చుట్టుకుని హాల్లోకి వెళ్లిపోయారు. "నువ్వు హాయిగా పడుకో. నేను పక్కనుంటే నీకు గాలాడదు" అన్నారు. ఇన్నేళ్లూ గాలికి ఈయనే అడ్డమని నాకు తెలియనే లేదు. బాపట్ల నుంచి మా ఆడపడుచు వచ్చి, "మా అన్నయ్య దేవుడు వదినా, నీకోసం దోమల్లో పడుకుంటున్నాడు" అని కళ్లొత్తుకుంది. దేవుడే, కాదన్నదెవరు? గడప అవతల నుంచి దండం పెట్టుకోవాలే తప్ప ముట్టుకోకూడదు.

నాకు కావలసింది దేవుడు కాదు, మొగుడు. ఈ మాట రాయడానికి సిగ్గుపడాలట. పడను. నా దగ్గు, నా కఫం చూసి ఆయనకు రోత పుట్టిందనుకున్నాను. అద్దంలో చూసుకోవడం మానేశాను. అలా రెండేళ్లు గడిచాయి.

ఎవరినైనా అడుగుదామంటే మా వైపు ముక్కూ మొహం తెలియనివాళ్లూ చుట్టాలే. మందుల షాపతను పిన్నిగారూ అంటాడు, తెనాలి ఆస్పత్రిలో నర్సు పెద్దమ్మా అంటుంది, డాక్టరుగారు అమ్మా అంటారు. అమ్మలకూ పిన్నులకూ కూడా పడగ్గది ఉంటుందని వీళ్లెవరికీ తోచదు.

ఈమధ్య ఒకరోజు మా ఆయనతో తెనాలి ఆస్పత్రికి వెళ్తే, మాకంటే ముందు ఒక పెద్దాయన ఉన్నాడు. అరవై దాటి ఉంటాయి, నా జబ్బే. అడక్కుండానే డాక్టరుగారు, "సంసారం మానక్కర్లేదండి, జాగ్రత్తలు చెబుతాను" అంటున్నారు. తెర ఇవతల నాకు అంతా వినబడింది. నా వంతు వచ్చింది. "చల్లనివి తినకండమ్మా" అన్నారు. అక్కడితో అయిపోయింది.

నాకు ఒళ్లు మండింది. "ఇందాక ఆయనకు సంసారం గురించి చెప్పారు కదండీ. అది ఆడవాళ్లకు వర్తించదా?" అని అడిగాను.

మా ఆయన సీలింగు ఫ్యాను రెక్కలు లెక్కపెట్టుకుంటున్నారు. డాక్టరుగారు కళ్లజోడు తుడుచుకుని, "ఆడవాళ్లెవరూ అడగరమ్మా" అన్నారు.

"మీరెవరూ చెప్పరుగా" అన్నాను.

పాపం, తర్వాత బాగానే చెప్పారు, కాకపోతే మా ఆయన మొహం చూసి. "ఊపిరి నాదండి, ఇటు చెప్పండి" అన్నాను. అప్పుడు నావైపు తిరిగారు. ముందు ఇన్‌హేలర్ పీల్చాలి. తిన్న వెంటనే వద్దు. ఆయాసం తక్కువగా ఉండే వేళ, కాస్త పొద్దెక్కాక మేలు. వీపుకు దిండ్లు పెట్టుకోవాలి, ఆయాసమొస్తే ఆగాలి. కోరిక తగ్గినా, ఒళ్లు పొడిబారినా దాచుకోకుండా చెప్పాలి, దానికీ వైద్యముంది.

అప్పుడు నోరు విప్పారు మా ఆయన. "ఈవిడకేమీ కాదు కదండీ? రెండేళ్ల కింద ఒక రాత్రి పక్కలో ఉండగా ఆయాసమొచ్చి పెదాలు నీలంగా అయిపోయాయండి. నా చేతుల్లోనే పోతుందనుకున్నాను."

రెండేళ్లుగా నేను రోత అనుకున్నది భయమట. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. రేపల్లె రైల్లో కూర్చున్నాక, "నోరుందిగా, అప్పుడే చెబితే ఏం పోయింది?" అన్నాను.

"నీకూ ఉందిగా" అన్నారు.

మర్నాడు పొద్దున పదింటికి పరుపు ఈడ్చుకుంటూ గదిలోకి వచ్చారు. బాపట్ల నుంచి ఆడపడుచు ఫోను మోగుతూనే ఉంది, తియ్యలేదు. ఇన్‌హేలర్ తానే ఊపి నా చేతికిచ్చారు.

"కంగారు లేదు, కాసేపు ఆగుదాం" అన్నారు.

"రెండేళ్లు ఆగానండి" అన్నాను, "చాల్లేదా?"