తలుపున్న రాకెట్టు

చిన్నాయన దుబాయి నుంచి తెచ్చిన రాకెట్టును కొత్త ముక్కలతో మళ్లీ కట్టి ఆయనకే ఇవ్వాలన్న ఆలోచన పూర్తిగా నాదే. ఎవరూ అడగలేదు, ఎవరూ నన్ను తొందరపెట్టలేదు. అందుకే ఆ తర్వాత జరిగినదాన్ని ఇంకొకరి మీద నెట్టే వీలు కూడా నాకు లేకుండా పోయింది.

చిన్నాయన అంటే మా బాపు తమ్ముడు. మస్కట్‌లో ఒకరింట్లో తోటపని చేసేవాడు. మస్కట్ అయినా, ఇంకే ఊరైనా మా వైపు అన్నిటినీ దుబాయే అంటాం. నేను బడికి పోయే రోజుల్లో ఒకసారి సెలవుకు వచ్చినప్పుడు, సూట్‌కేసులో బట్టల మధ్య తువ్వాలలో చుట్టి ఒక రాకెట్టు తెచ్చాడు. ఒకదాని మీద ఒకటి పెట్టి నొక్కితే అతుక్కునే ప్లాస్టిక్ ఇటుకలతో కట్టింది. బూడిద రంగు, నీలం రంగు, ముందు పసుపుపచ్చ అద్దం. పక్కన ఎర్రటి తలుపు ఒకటి తెరుచుకునేది. కింద నల్లటి చక్రాలు, మా మాటలో గీరలు. ఒక రెక్క కొంచెం పొడుగు. మా వాడకట్టు పిల్లలంతా చూడ్డానికి వచ్చారు. చూడనిచ్చాను గాని ముట్టనివ్వలేదు. పక్కింటి పిల్ల "గిది ఎగురుతదా?" అని అడిగితే, "దుబాయిల ఎగురుతది, ఈడ కరెంటు సరిపోదు" అన్నాను. అందరూ నమ్మారు. నేను కూడా కొంత నమ్మాననుకుంటాను.

ఇప్పుడు నేను కరీంనగర్‌లో ఒక కాలేజీలో ఫిజిక్స్ చెబుతున్నాను. పోయినేడు అల్మారా సర్దుతుంటే ఆ రాకెట్టు మళ్లీ చేతికొచ్చింది. బూడిద రంగు ఇటుకలు పసుపెక్కాయి, అద్దం పగిలింది. ఊరికే ఫోన్‌లో వెతికితే అసలు బొమ్మ కనబడింది. చాలా పాతది. పాతవాటిని కొత్త ముక్కలతో తిరిగి కట్టేవాళ్లు లోకమంతా ఉన్నారట. ఆ ఫొటోలో రెండు రెక్కలూ సమానంగా ఉన్నాయి. తలుపు లేదు. చక్రాలు లేవు. అంటే ఇన్నేళ్లూ మాది తప్పుగా ఉందన్నమాట. చిన్నప్పుడు మా ఇంటి పిల్లలమే ఎక్కడో విప్పి, ఏదేదో కలిపి పాడుచేసి ఉంటామనుకున్నాను.

ముక్కలు తెప్పించాను. ఆదివారాలు దాని ముందే కూర్చున్నాను. ఆకారం పాతదే, పనితనం కొత్తది. రెక్కలు మడిచేలా కీళ్లు పెట్టాను, అద్దం పైకి లేచేలా చేశాను, వెనక ఇంజన్లకు వెలుతురు పడితే మెరిసే నీలం ముక్కలు బిగించాను. "పిల్లలకన్న నువ్వే ఎక్కువ ఆడుతున్నవ్" అని నా భార్య నవ్వింది. నిజంగానే అందంగా వచ్చింది. పూర్తయ్యాక పాత ఇటుకలు, తలుపు, చక్రాలు ఒక కవర్‌లో వేసి చెత్త బండికి ఇచ్చేశాను.

చిన్నాయన అప్పటికే మస్కట్ విడిచి శాశ్వతంగా వచ్చేశాడు. ధర్మపురి దారిలో ఉన్న మా ఊళ్లోనే ఉంటున్నాడు. క్షేమంగా తిరిగొచ్చినందుకు కొండగట్టులో మొక్కు తీర్చుకుని వచ్చి, ఇంట్లో చుట్టాలకు భోజనాలు పెట్టాడు. తిన్న తర్వాత అందరూ పందిరి కింద కూర్చున్నప్పుడు రాకెట్టు బయటికి తీశాను. నాలుగు మాటలు చెప్పాలనిపించింది. పాఠం చెప్పే అలవాటు కదా. చిన్నాయన ఎండలో కష్టపడి, పెద్ద దుకాణానికి పోయి, నా కోసమే ఏరికోరి కొని తెచ్చాడని చెప్పుకుంటూ పోయాను.

చిన్నాయన నవ్వుతూ చెయ్యి అడ్డంగా ఊపాడు. "కొనలే బిడ్డా. నేను పనిచేసిన ఇంట్ల పిల్లలు పెద్దగైన్రు. వాళ్లు చెత్తల పారేస్తె, ఏరి, సబ్బుపెట్టి కడిగి తెచ్చిన."

నా భార్య వైపు చుట్టం ఒకాయన పగలబడి నవ్వాడు. "ఏందీ, చెత్తలకెల్లి తెచ్చిన బొమ్మనా ఇన్నొద్దులు దాసుకున్నడు మీవోడు!"

ఆ క్షణంలో నాకు అనిపించింది ఒక్కటే, ఈ మాట ఇంతమందిలో ఈయన ఎందుకు చెప్పాడా అని. వెంటనే అనేశాను: "చిన్నాయన తమాషకంటున్నడు. కొన్నదే అది."

ఆయన నా మొహం చూశాడు. రాకెట్టు చేతిలోకి తీసుకుని, "మస్తుగున్నది" అని పక్కన పెట్టాడు. చిన్నమ్మ అందరికీ చాయ్ తెచ్చింది. మాటలు వేరే దారి పట్టాయి.

చుట్టాలు వెళ్లిపోయాక ఆయన పెరట్లో బెండ మొక్కలకు నీళ్లు పోస్తుంటే నేను వెళ్లి నిలబడ్డాను. మాట ఆయనే కదిపాడు.

"తలుపేది బిడ్డా?"

"అసలు దాంట్ల తలుపు లేదు చిన్నాయనా. ఫోన్‌ల చూసిన. చిన్నప్పుడు మేమే ఖరాబు జేసినట్టున్నం."

"మీరు జెయ్యలే. నేనే పెట్టిన." పైపు మొక్కల మొదట్లోకి తిప్పాడు. "డబ్బ లేదు, డబ్బ మీద బొమ్మ లేదు. అన్ని విడివిడిగ దొరికినయ్. రాకెట్టు నేనేడ జూసిన? శుక్రవారం ఛుట్టి ఉండేది. రూంల కూసోని, ఎట్లుంటదో అని సోంచాయించుకుంట కట్టిన. లోపటికి మనిషి పోవాలంటె తలుపుండాలె గదా. కిందికి దిగినంక నడవాలంటె గీరలుండాలె. ఒక రెక్కకు ముక్కలు తక్కువ వడ్డయ్. రూంల ఉన్నోళ్లంత చూసి, గిది మన ఊరిదాంక పోతదా అని నవ్విన్రు."

పరాయి దేశంలో గదిలో కూర్చుని ఒక మనిషి తన మనసులోంచి కట్టిన దాన్ని నేను తప్పు అని దిద్దాను. అది చాలదన్నట్టు ఆయన నిజాన్ని పదిమందిలో అబద్ధం చేశాను.

"గా తలుపు ఇంట్లున్నదా?" అని మళ్లీ అడిగాడు.

ఉంది అనబోయాను. నోట్లోకి వచ్చింది కూడా. "లేదు. చెత్త బండికిచ్చిన" అన్నాను.

"అట్లనా" అన్నాడు. "పోనియ్ తియ్. పాతగైనయ్ గదా."

ఆయన తిట్టి ఉంటే ఇంటికి తేలిగ్గా పోయేవాణ్ని.

తర్వాతి నెలలో మళ్లీ వెళ్లాను. ఎర్ర తలుపు, నల్ల చక్రాలు, ఇంకా రకరకాల ముక్కలు తెప్పించి పట్టుకుపోయాను. ముందు ఆ రోజు అన్నదానికి క్షమించమని అడిగాను. ఆయన అర్థం కానట్టు మొహం పెట్టాడు, అర్థమైందని నాకు తెలుసు. అరుగు మీద చాప వేసి ముక్కలు పోశాను. "నీ రాకెట్టు నువ్వే కట్టు చిన్నాయనా, ఈ ముక్కలతోని" అన్నాను.

ఆయనకు ఉత్సాహం వచ్చింది. కళ్లజోడు తెప్పించుకున్నాడు. అడుగు కట్టాడు, రెక్క పెట్టాడు, రెండో రెక్క పెట్టాడు. తలుపు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ ఆనించి చూశాడు. ఎక్కడా కుదరలేదు. చక్రాలు బిగించి మళ్లీ ఊడదీశాడు. చాలాసేపటికి కళ్లజోడు తీసేసి నవ్వాడు.

"గప్పుడు బొమ్మ తెల్వక కట్టిన బిడ్డా. నువ్వు సూపెట్టినవ్ గదా, ఇప్పుడు కండ్లు మూసినా గదే కనవడుతున్నది. చేతులు గటే పోతున్నయ్."

చాప మీద ఉన్నది చూశాను. రెక్కలు రెండూ సమానంగా ఉన్నాయి.

ముక్కలు కవర్‌లోకి ఎత్తడం మొదలుపెట్టాను. ఆయన కూడా వంగి సాయం చేశాడు. అన్నానికి రమ్మని చిన్నమ్మ లోపలి నుంచి పిలిచింది.

నేను కట్టిన రాకెట్టు ఇప్పటికీ వాళ్లింట్లో టీవీ పక్కనే ఉంది. మొన్న పోయినప్పుడు ఎవరో కొత్తవాళ్లు వచ్చి దాన్ని చేతిలోకి తీసుకుని మెచ్చుకున్నారు. చిన్నాయన నా భుజం మీద చెయ్యి వేసి, "మా అన్న కొడుకు కట్టిండు. కాలేజీల సారు" అని గొప్పగా చెప్పాడు. వాళ్లు నా వైపు తిరిగి ఎలా కట్టారని అడిగారు. "ఫోన్‌ల బొమ్మ జూసి కట్టిన" అన్నాను.