పిలిచేదాకా గుమ్మం బయటే

1984 ఆగస్టు 10, శుక్రవారం, ఉదయం పదకొండు గంటలు. ఇంగ్లండు పల్లెలో సన్నని జల్లు. కువైట్‌లోని హవల్లీలో నేను వంట చేసే కువైటీ కుటుంబం నన్నూ, రాయచోటి పనిమనిషినీ వెంటబెట్టుకొని సొంతదారులు ఇంకా కాపురముంటున్న ఒక పురాతన భవనం చూడడానికి వచ్చింది. టిక్కెట్లు కొన్నాక కూడా మేము మామా అని పిలిచే యజమానురాలు గుమ్మం దాటలేదు. ఇంటివారు పలకరించనిదే పరాయి ఇంట్లో అడుగుపెట్టడం ఆమెకు మర్యాద కాదు.

"ఏందన్నా, ఇంత దూరమొచ్చి గోడ చూసి పోవాల్నా?" అంది పనిమనిషి.

మామా ఎందుకు ఆగిందో టిక్కెట్లిచ్చిన ఆయనకు నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. ఆయన నవ్వుతూ తోటలోకి వెళ్లాడు. గులాబీలు కత్తిరిస్తున్న వృద్ధురాలు, ఆ ఇంటి యజమానురాలు, బురద బూట్లతోనే పరుగున వచ్చి మామాను లోపలికి రమ్మని పిలిచింది. మామా ఆమెకు ఫ్లాస్కులోని ఖహ్వా అనే యాలకుల అరబ్బు కాఫీ, ఖర్జూరాలు అందించింది. ఆమె మురిసిపోయి, సందర్శకులకు మూసి ఉంచే గదులు కూడా మాకు తెరిపించింది. టిక్కెట్టుకు చూపేవి పన్నెండు గదులు. మేము చూసినవి పంతొమ్మిది.