వెనకాల కొమురన్న ట్రాలీ

మొన్న పొద్దున్నే చొప్పదండి రోడ్డు మీద సైకిల్ తొక్కుతుంటే వెనక నుంచి ట్రాలీ ఆటో చప్పుడు వినిపించింది. డుగుడుగుమనే ఆ చప్పుడుతో పాటు గాలివాటున డీజిల్ పొగ వాసన కూడా వచ్చింది. నేను తిరిగి చూడలేదు. కాళ్ళు వాటంతటవే నెమ్మదించాయి, నోరు దానంతటదే తెరుచుకుంది. "అయితే ఏమైందంటే అన్నా..." అని గట్టిగా మొదలుపెట్టేశాను. ట్రాలీ నా పక్కకు వచ్చింది. దాని నిండా టమాటా డబ్బాలు, డ్రైవర్ సీట్లో నేనెప్పుడూ చూడని మనిషి. ఒంటికి అతుక్కున్న బట్టలు వేసుకుని, ఖాళీ రోడ్డు మీద తనలో తాను కథ చెప్పుకుంటున్న నన్ను పైనుంచి కింది దాకా చూసి, గేరు మార్చి తొందరగా దాటిపోయాడు. పాపం, ఆయన తప్పేమీ లేదు. ఆ సీట్లో ఉండాల్సిన మనిషి వేరే.

నా పని ట్రయథ్లాన్. ముందు ఈదాలి, నీళ్ళలోంచి లేచి సైకిల్ ఎక్కాలి, సైకిల్ దిగి పరుగెత్తాలి. మధ్యలో చాయ్ ఉండదు. ఈ పనితోనే బతుకుతానని మొదటిసారి చెప్పినప్పుడు మా అవ్వ, "నిన్ను ఎవలన్న తరుముతుండ్రా లింగా?" అని అడిగింది. తరిమేవాళ్ళు లేరు గానీ, వెనకాల ఒకాయన మాత్రం ఉండేవాడు. పేరు కొమురయ్య. కరీంనగర్ మార్కెట్లో అందరికీ కొమురన్న.

నేను బడి మానడానికి కారణం నా నోరే. తొమ్మిదో తరగతిలో లెక్కల సారు "నోరు మూసుకుంటవా, బయటికి నడుస్తవా?" అని రెండు దారులు చూపించారు. నేను రెండోది పట్టుకుని మార్కెట్ దాకా నడిచాను. అక్కడ కొమురన్న ట్రాలీకి సామాన్లు ఎక్కించే మనిషి కావలసి వచ్చింది. బియ్యం బస్తాలు, పరుపులు, పెళ్ళి కుర్చీలు ఏవైనా మోసేవాళ్ళం. పరుపులు ఎక్కిస్తే వెనక నాకు చోటుండేది కాదు, ముందు సీటేమో ఒక్కరికే సరిపోయేది. అందుకని నేను పాత సైకిల్ మీద ట్రాలీని వెంబడించేవాణ్ణి. హుజూరాబాద్ దాకా అట్లా పోయి, సామాన్లు దించి, మళ్ళీ తొక్కుకుంటూ వచ్చేవాణ్ణి. ఈత చిన్నప్పుడే మానేరు డ్యాంలో వచ్చింది. పరుగంటారా, నా మాటలకు ఒళ్ళుమండినవాళ్ళు ఊరినిండా ఉండేవాళ్ళు కాబట్టి అది ఎవరూ ప్రత్యేకంగా నేర్పాల్సిన అవసరం రాలేదు.

కొమురన్న అంతకుముందు చాలా ఏళ్ళు గల్ఫ్‌లో ఉండి వచ్చాడు. అక్కడ ఒక సైకిల్ క్లబ్బుకు వ్యాన్ నడిపేవాడు. నీళ్ళు, విడి చక్రాలు వేసుకుని సైకిళ్ళ వెనకాల మెల్లగా పోవడమే ఉద్యోగం. మనిషి బక్కగా ఉండేవాడు, అక్కడ కొన్న స్టీలు గడియారం మణికట్టు నుంచి మోచేతి దాకా జారుతూ ఉండేది. తాను మాట్లాడడం చాలా తక్కువ, వినడం మాత్రం మహా ఇష్టం. నవ్వితే శబ్దం రాదు, భుజాలు ఊగుతాయి. హ్యాండిల్ పట్టుకుని నవ్వితే ట్రాలీ మొత్తం ఊగేది, బస్తాల మీద కూర్చున్న నేను పడబోయి పట్టుకునేవాణ్ణి. నా మాటలకు బడిలో దెబ్బలు పడ్డాయి, ఇంట్లో తిట్లు పడ్డాయి. వాటికి జీతమిచ్చి పెట్టుకున్న మొదటి మనిషి ఆయన.

తర్వాత చిన్న చిన్న ట్రయథ్లాన్ పోటీల్లో గెలుస్తూ హైదరాబాదులో ఒక టీంలో చేరాను. చేరిన మొదటి చలికాలమే నా గొప్పతనం బయటపడింది. సీజన్ మొదట్లో నెమ్మదిగా తొక్కి, నెమ్మదిగా పరుగెత్తి, ఒంటిని గట్టిపరచుకోవాలని కోచ్ సారు చెప్పారు. గుండె వేగం పెరిగితే కూతపెట్టే గడియారం కూడా ఇచ్చారు. ఆ కూత నాకు చప్పట్లలా వినిపించేది. రోజూ అందరికంటే ముందుండాలని విరగబడి తొక్కాను. మొదటి రేసు వచ్చేసరికి ఒంట్లో పిప్పి మాత్రమే మిగిలింది. ఆఖరి రౌండు నడుచుకుంటూ పూర్తిచేశాను. నీళ్ళ సీసాలు ఇచ్చేవాళ్ళు టేబుళ్ళు మడిచేసి ఇళ్ళకు బయల్దేరారు. ఆ ఏడాదంతా అంతే. చివర్లో కోచ్ సారు పిలిచి, వచ్చే సీజన్ మొదటి రేసులో మొదటి ఐదుగురిలో ఉంటే టీంలో ఉంటావు, లేకపోతే నీ చోటు ఇంకొకరికి ఇస్తానని చెప్పారు. ఆయన మంచివారు, సుతిమెత్తగానే చెప్పారు. అయినా నా చెవులకు మాత్రం బియ్యం బస్తాలు మళ్ళీ పేరుపెట్టి పిలిచినట్టు వినిపించింది.

కరీంనగర్ వచ్చి కొమురన్నకు సంగతంతా చెప్పాను. ఆయన గడియారాన్ని మణికట్టు మీదికి తోసుకుంటూ విన్నాడు.

"గల్ఫ్‌ల గా దొరలు సైకిల్ తొక్కుకుంట ముచ్చట పెట్టుకునేటోళ్ళు," అన్నాడు.

"ఎప్పుడన్నా?"

"సీజన్ షురూల. నెల రెండు నెలలు వాళ్ళ నోళ్ళు ఆగకపోయేటివి. నాకు వాళ్ళ భాష సమజ్ కాకపోయేది గని నవ్వులు ఇనవడేటివి. తర్వాత తర్వాత ఒక్కొక్కలు చుప్ అయ్యేటోళ్ళు. అప్పుడు ఎరకయ్యేది, రేసు దగ్గరికొచ్చిందని."

"అయితే నేనేం జెయ్యాలె?"

"రేపటి సంది నువ్వు ముందు తొక్కు, నేను ఎనుక వస్త. కత చెప్పు. కత ఆగిందా, బండి ఆగుతది."

అట్లా మొదలైంది. కోచ్ సారు గడియారం ఏం చెయ్యమందో కొమురన్న కూడా అదే చెప్పాడు, కాకపోతే ఈయన దగ్గర కూత లేదు, ట్రాలీ ఉంది. దాని చప్పుడు దాటి వినపడాలంటే గొంతెత్తాలి, గొంతెత్తాలంటే ఊపిరి మిగలాలి, ఊపిరి మిగలాలంటే నెమ్మదిగా తొక్కాలి. ఒక వాక్యం మధ్యలో రొప్పితే చాలు, వెనక నుంచి హారన్ మోగేది. పరుగుకు వెళ్ళినా ఇదే తంతు. తెల్లవారుజామున పొలాలకు పోయేవాళ్ళు, ముందు ఒకడు అరుచుకుంటూ, వెనక ట్రాలీ ఊగుకుంటూ పోవడం చూసి ఏ పార్టీ ప్రచారమో అనుకునేవాళ్ళు.

ఒకరోజు పాల క్యాన్లు తగిలించుకున్న పెద్దాయన పాత సైకిల్ మీద నన్ను దాటాడు. దాటినవాడు ఊరుకోవచ్చు కదా, వెనక్కి తిరిగి చూశాడు.

"గంత ఖరీదు సైకిల్ కొన్నవ్, తొక్కుడు రాదా కొడుకా?" అన్నాడు.

నాకు తిక్క లేచింది. కథ వదిలేసి, తల వంచి, పాలాయన్నే కాదు, ఆయన వెళ్ళాల్సిన ఊరును కూడా దాటిపోయాను. గెలిచానని వెనక్కి చూస్తే రోడ్డు ఖాళీ. కొమురన్న ట్రాలీ తిప్పుకుని వెళ్ళిపోయాడు. నా నీళ్ళు, చెప్పులు, ఫోను అన్నీ అందులోనే ఉన్నాయి. నాలుక పిడచగట్టుకుపోయి తిరిగి వచ్చేసరికి ఆయన మార్కెట్లో చాయ్ తాగుతున్నాడు.

"ఏందన్నా, గట్ల ఇడిసిపెట్టి వచ్చినవ్?"

"నాతోటి వచ్చినోడు కత చెప్పేటోడు. గాడు కనవడలే. నువ్వెవలో పాలాయనతోటి రేసు పెట్టుకున్నవ్. గెలిచినవా?"

"గెలిచిన."

"మంచిది. రేపటి సంది నువ్వే పాలు పొయ్యి."

మార్కెట్టంతా నవ్వింది. మరునాడు పాలాయన మళ్ళీ దాటాడు. నేను నమస్తే పెట్టి కథ కొనసాగించాను.

రేసుకు ముందు ఆఖరి రోజు మా మేనమామ సోఫా కథ ఎత్తుకున్నాను. మామ దుబాయి డబ్బుతో రాజులు కూర్చునేంత సోఫా కొన్నాడు. అది ఇంటి తలుపులో పట్టలేదు. వాకిట్లో పెడితే మేకలు ఎక్కి పడుకున్నాయి. చివరికి మామ గోడ పగలగొట్టించాడు. అక్కడ ఆపేశాను.

"తర్వాత?" అన్నాడు కొమురన్న.

"మిగిలింది రేసు అయినంక."

"ఓరి లింగా, గింత అన్యాలం చేస్తవారా!"

ఆ సగం కథ కోసమే వచ్చాడో, నా కోసమే వచ్చాడో చెప్పలేదు గానీ, సర్వపిండి రొట్టెలు మూట కట్టించుకుని సముద్రం ఒడ్డున రేసు జరిగే ఊరికి రైల్లో వచ్చాడు. సముద్రంలోంచి నేను చాలామంది వెనకాలే లేచాను. సైకిల్ ఎక్కగానే ముందున్న గుంపు నా కళ్ళముందే దూరమైంది. పాలాయన గుర్తొచ్చాడు. తరమబోయే కాళ్ళను ఆపుకుని, సోఫా కథ మొదటి నుంచి గొణుక్కున్నాను. ఎక్కడా రొప్పకుండా మేకల దాకా వచ్చింది. చాలనుకుని అదే ఊపులో తొక్కాను. పరుగు మొదలయ్యేసరికి గుంపులోని వాళ్ళు ఒక్కొక్కరే వెనక్కి జారి నాకు అందసాగారు.

పరుగు మూడు రౌండ్లు. మలుపు దగ్గర తువ్వాల భుజాన వేసుకుని కొమురన్న నిలబడ్డాడు.

మొదటి రౌండులో అరిచాడు: "ఏమైందిరా మామ సోఫా?"

"గోడ పగులగొట్టి లోపలికి జరిపిండ్రన్నా!"

రెండో రౌండులో: "తర్వాత?"

"గోడ... కట్టిండ్రు."

ఆఖరి రౌండులో నా ముందు ఐదుగురు మిగిలారు. ఐదోవాడి వీపు నాలుగడుగుల దూరంలో ఉంది. కొమురన్నను చూడగానే అలవాటుగా నోరు తెరిచాను. ఆయన తువ్వాల గాల్లో ఊపుతూ, జన్మలో ఎన్నడూ ఎత్తనంత గొంతు ఎత్తాడు.

"ఇగ నోరు మూసుకొని ఉరుకు!"

పుట్టినప్పటి నుంచీ ఆ మాట విన్నాను. విన్నదాన్ని పాటించడం మాత్రం అదే మొదలు. చలికాలమంతా నా చేత మాట్లాడించి ఆయన దాచిపెట్టిన ఊపిరి మొత్తం ఒక్కసారిగా కాళ్ళలోకి దిగింది. ఐదోవాణ్ణి దాటాను, గీత దగ్గర ఇంకొకణ్ణి దాటాను. నాలుగోవాడిగా నేల మీద పడిపోయి ఉంటే, కోచ్ సారు కంటే ముందు కొమురన్న మొహం నా మీద వంగింది. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. శభాష్ అంటాడనుకున్నాను.

"గోడ కట్టినంక ఏమైంది?" అన్నాడు.

"సోఫా మొఖం గోడ దిక్కున్నదన్నా. తిప్పుదామంటే జాగ లేదు. గిప్పటికీ మా మామింటికి పోతే గోడకు మొఖం పెట్టి చాయ్ తాగాలె."

భుజాలు ఊగాయి. ఈసారి శబ్దం కూడా వచ్చింది. చుట్టూ ఉన్న పరుగువీరులు, పగలబడి నవ్వుతూ కూలబడిపోయిన ఆ బక్కమనిషిని చూసి, ఈయనేనా నీ కోచ్ అని అడిగారు. కోచ్ సారు వింటుండగానే, కాదు, మా బాస్ అని చెప్పాను. ఆ మాట చెప్పినప్పుడు నా ఛాతీ ఎంత ఉబ్బిందో, తర్వాతి రేసుల్లో పతకాలు వేసినప్పుడు కూడా అంత ఉబ్బలేదు.

మూడేళ్ళ కిందట వానాకాలంలో కొమురన్న వెళ్ళిపోయాడు. గుండె ఆగిందని చెప్పారు. నేను ఇంకా టీంలోనే ఉన్నాను. సీజన్ మొదట్లో ఇప్పటికీ మాట్లాడుకుంటూనే తొక్కుతాను. మొదటి రేసుకు ముందురోజు ఒక కొత్త కథ ఎత్తుకుని సరిగ్గా సగంలో ఆపుతాను. ఆఖరి మలుపులో ఎవరూ అరవకపోయినా నోరు దానంతటదే మూసుకుంటుంది. గీత దాటాక, నీళ్ళ సీసా అందించే మనిషి ఎవరైతే వారికి మిగిలిన సగం చెబుతాను. వాళ్ళు తెల్లమొహం వేస్తారు. వేయరా మరి, మొదటి సగం కొమురన్న దగ్గర ఉంది.