కలెక్టర్ కాలికి ఎక్స్‌రే

నేను రిటైరు కావడానికి పద్నాలుగు నెలల ముందు జరిగిన సంగతి ఇది. అప్పుడు తెనాలిలో ఒక ప్రభుత్వాసుపత్రిలో సీనియర్ రేడియోగ్రాఫరును, అంటే ఎక్స్‌రేలు తీసేదాన్ని. ఆదివారాలు మాత్రం కొలకలూరు దగ్గర ఒక నిమ్మతోటలో ఉన్న గుర్రాల షెడ్డుకు వెళ్లి జీతం లేని పని చేసేదాన్ని. వారమంతా చీకటి గదిలో గడిపేవాళ్లకు ఒకరోజైనా ఎండ తగలాలని నా ఉద్దేశం.

ఆ షెడ్డు మస్తాన్ బాబాయ్‌ది. జట్కాల కాలంలో తెనాలి స్టేషను దగ్గర బండి తోలిన మనిషి. జట్కాలు పోయాక, యజమానులు వదిలేసిన ముసలి గుర్రాలను తెచ్చి సాకుతున్నారు. నాకు అప్పగించిన శాఖ శుభ్రత. గుర్రానిది పేడ అనకూడదు, లద్దె అనాలని మొదటి వారమే ఆయన నన్ను సరిదిద్దారు.

అక్కడున్న ఏడు గుర్రాల్లో ఒకదాని పేరు కలెక్టర్. బాపట్ల వైపు సముద్రపు ఒడ్డున చేపలు పట్టే ఒక కుటుంబం దానిమీద పిల్లల్ని తిప్పేది. అది తనకు తోచినప్పుడే కదిలేది, ఎవరు బతిమాలినా వినేది కాదు. అందుకని వాళ్లే ఆ పేరు పెట్టారు. వయసు మీద పడ్డాక బాబాయ్‌కి అప్పగించి వెళ్లారు.

ఒక శనివారం కలెక్టర్ ముందు కుడికాలు పైకెత్తి మూడు కాళ్లమీద నిలబడింది. మర్నాడు ఉదయం పశువుల డాక్టరు శ్రావణి గారు బాపట్ల నుంచి వచ్చి చూశారు. వాపు లేదు, గాయం లేదు. ఎముక విరిగిందేమో ఎక్స్‌రే తీస్తే గాని చెప్పలేనన్నారు. మూడు కాళ్ల గుర్రాన్ని వ్యానెక్కించలేం. మా ఆసుపత్రి మిషను గేటు దాటకూడదు. రేపల్లెలో నాకు తెలిసిన ఒక ఎముకల క్లినిక్‌లో చేత్తో మోసుకుపోయే మిషను ఉంది. నా చేతులు లద్దెలో ఉన్నాయి కనుక నంబరు చెప్పి, ఫోను బాబాయ్‌ని చేయమన్నాను.

"కలెక్టర్ నిన్నటి నుంచి కాలు కింద పెట్టడం లేదండి. ఎక్స్‌రే మేడమ్ ఇక్కడే ఉన్నారు. మీ మిషను పంపిస్తే చాలండి" అన్నారాయన.

'పెట్టడం లేదు' అనే మాటను బట్టి మనిషో గుర్రమో తెలియదు. గంట దాటకుండానే తోట ముందు కారు ఆగింది. క్లినిక్ మేనేజరు ఇస్త్రీ చొక్కాతో, ఒక చేతిలో పూలగుత్తి, ఇంకో చేతిలో బత్తాయిల సంచితో దిగారు.

"కలెక్టర్ గారెక్కడండి?" అని మెల్లగా అడిగారు.

"షెడ్డులో ఉందండి" అన్నారు బాబాయ్.

ఆ 'ఉంది'తో మేనేజరు ముఖం వాడిపోయింది. షెడ్డులోకి తొంగి చూశారు. ఈలోగా కలెక్టర్ మెడ చాచి పూలగుత్తిని అందుకుంది. చివరికి ఆయనే, "ఇంత దూరం వచ్చాం కదండీ, కానివ్వండి" అన్నారు. మంచివారు.

మా పనిలో మొదటి నియమం, ఎక్స్‌రే పడే దారిలో పట్టుకునేవాళ్ల చేతులు ఉండకూడదు. రెండోది, ఏ ఎముకనైనా రెండు వైపుల నుంచి తీయాలి. కారులోంచి మిషను, దాని లాప్‌టాప్ దింపించి, వాటితో వచ్చిన సీసపు ఏప్రాన్లు అందరికీ తొడిగాను. గిట్టను చెక్కదిమ్మ మీద పెట్టించి, అలవాటు కొద్దీ "ఊపిరి బిగపట్టండి" అన్నాను. కలెక్టర్ తప్ప అందరూ బిగపట్టారు. లాప్‌టాప్‌లో గిట్ట అలికినట్టు, బాబాయ్ ఉంగరం వేలు మాత్రం స్పష్టంగా పడ్డాయి. మళ్లీ తీస్తే పక్కనుంచి బొమ్మ బాగా వచ్చింది, ఎముక శుభ్రంగా ఉంది. తర్వాత గిట్టను బొమ్మ పట్టే పలక మీద ఆనించి ముందు నుంచి తీశాను. గిట్ట లోపలి ఎముకకు అడ్డంగా నల్లటి గీత కనబడింది.

శ్రావణి గారు చాలాసేపు చూశారు. "విరిగింది. కీలు దాకా పోయింది. ఈ వయసులో అతకదు బాబాయ్. బాధ పెట్టకుండా ఇంజెక్షన్ ఇచ్చేయడమే మంచిది" అన్నారు.

బాబాయ్ గుర్రం మెడమీద చెయ్యి వేసి నిలబడ్డారు. "నేనే పట్టుకుంటానమ్మా. కొత్తోళ్లు పట్టుకుంటే బెదురుద్ది" అన్నారు.

నేను లాప్‌టాప్ వంకే చూస్తున్నాను. ఆ గీత ఎముక అంచు దగ్గర ఆగలేదు, దాన్ని దాటి బయటికి కూడా పోయింది. విరుపు ఎముకలోనే ఉంటుంది గాని బయట ఉండదు. ముసలివాళ్ల తుంటికి తీసినప్పుడు చర్మం మడత ఇలాగే గీతై కనబడుతుంది. కానీ బొమ్మ తీయడం వరకే మా హోదా, చదవడం డాక్టర్ల పని. ముప్పై రెండేళ్లలో ఏ డాక్టరు ముందూ నేను నోరు తెరవలేదు. అలాంటప్పుడు రేడియోగ్రాఫర్లు చేసే పనే నేనూ చేశాను. నింద నామీద వేసుకున్నాను.

"డాక్టర్ గారూ, ఇది నేను సరిగ్గా తీయలేదండి. గీత ఎముక దాటి బయటికి కూడా పడింది. ఇంకోటి తీస్తాను."

ఆమె బొమ్మ మీదికి వంగి, తల కొట్టుకున్నారు. "గిట్ట అడుగున గాడిలో గాలండీ అది, గీతలా పడింది! గిట్ట కడిగి, ఆ గాడిలో మెత్తటిదేదైనా కూరి తీయాలి. కాలేజీలో చదువుకున్నాను, మర్చేపోయాను."

మెత్తటిది అంటే ఆ పూటకు దొరికింది బాబాయ్ భార్య మీరాబీ పిన్ని రొట్టెలకు కలిపి ఉంచిన గోధుమపిండి. "తినడానికా, పుయ్యడానికా?" అని ఒకసారి అడిగి, ముద్ద ఇచ్చారామె. సగం గిట్టలో కూరాం. మిగతా సగం కలెక్టర్ తినేసింది.

ఈసారి బొమ్మలో గీత లేదు.

శ్రావణి గారు పటకారుతో గిట్ట చుట్టూ నొక్కుకుంటూ వచ్చారు. ఒకచోట కలెక్టర్ ఎగిరిపడింది. అక్కడ కత్తితో కొద్దిగా చెక్కగానే లోపల పట్టిన నల్లటి చీము చిమ్మి, బకెట్టు పట్టుకుని నిలబడ్డ మేనేజరు ఇస్త్రీ చొక్కా మీద పడింది. ఆయన బకెట్టు వదల్లేదు. అరగంట గోరువెచ్చటి ఉప్పునీళ్లలో ఉంచాక కలెక్టర్ కాలు నేలమీద ఆనించింది. సాయంత్రానికి నాలుగు కాళ్లమీద నడుచుకుంటూ గడ్డి దగ్గరికి వెళ్లింది. బాబాయ్ దాని వెనకాలే నడిచారు.

ఇందులో నేర్చుకున్నవి రెండు. గిట్ట కడగకుండా, గాడి పూడ్చకుండా ముందు నుంచి బొమ్మ తీయకూడదు. రెండోది, కనబడినదాన్ని నా తప్పు కింద చుట్టబెట్టి చెప్పక్కర్లేదు, సూటిగా చెప్పవచ్చు. మర్నాడు ఆసుపత్రిలో ఒక ముసలామె తుంటి బొమ్మ చూసి పెద్ద డాక్టరు గారు విరిగిందన్నప్పుడు, "ఆ గీత ఎముక దాటి పోతోందండి" అన్నాను. ఆయన కళ్లజోడు పైనుంచి నన్ను చూసి, "డాక్టరు మీరా నేనా?" అన్నారు. తర్వాత బొమ్మను మళ్లీ వెలుతురుకు పట్టుకుని చూశారు.