బోణీ ముందు అడగకూడని ప్రశ్న

మాచర్ల స్టేషన్ రోడ్డులో ఐజాజ్ చెయ్యి పడితే చచ్చిన కంప్యూటర్ కూడా లేచి కూర్చుని టీ అడుగుతుందని చెప్పుకుంటారు. అందరికంటే ఎక్కువగా చెప్పుకునేది ఐజాజే. డిప్లొమా రెండో ఏడాదిలో కాలేజీ మానేశాడు. తను మానలేదని, తనకు నేర్పే స్తోమత లేక కాలేజీయే చేతులెత్తేసిందని అతని వాదన.

మూలపడ్డ కంప్యూటర్లు బాగుచేసి, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ వేసి కొట్లకు ఇవ్వడం అతని పని. గురజాల దాకా నలభై మూడు కొట్లలో అతను పెట్టిన దుకాణం ప్యాకేజీయే నడుస్తోంది. మొదట్లో దాని తెలుగు వివరణ ‘సరుకు నిర్వహణార్థం బహువిధ ఉపకరణ సముచ్చయం’ అని ఉండేది. ఇది ప్యాకేజీయా, పెళ్ళి మంత్రమా అనుకున్నాడు ఐజాజ్. నెట్‌లో తెలుగు మాటలు సరిచేసే బృందంలో చేరి, ‘కొట్లో ఏ సరుకు ఎంతుందో, ఎవరికిచ్చామో రాసుకునే పుస్తకం’ అని మార్చాడు. ఆ ఊపులో ప్రశ్నలనూ పట్టుకున్నాడు. ‘పూర్వ దత్తాంశ విసర్జనకు సమ్మతమేనా?’ అన్నది ‘పాత జాబితా తీసేయమంటారా? అవును / వద్దు’ అయింది. ఆ వాక్యం వినిపిస్తే బర్రెలు కూడా అర్థమైనట్టు తలూపాయని ఊరంతా చెప్పాడు.

మిరప విత్తనాలు ముమ్మరంగా అమ్ముడయ్యే రోజులు. వచ్చే వారం రాబోయే కొత్త వెర్షన్‌ను పరీక్ష కోసం ముందుగా వెంకటసుబ్బయ్య విత్తనాల కొట్లో వేశాడు. మొదటిసారి తెరవగానే అది ఆ పాత జాబితా ప్రశ్నే అడుగుతుంది. మర్నాడు, బుధవారం ఉదయం, సుబ్బయ్య ఫోన్ చేశాడు. ఏ రైతుకు ఏ లాటు విత్తనం ఇచ్చాడో ఆ జాబితా మొత్తం మాయమైంది. రేపు మొలక రాకపోతే రైతుకు ఆ లాటు నంబరే ఆధారం. ఐజాజ్ తన బండి కంటే ముందు తనే చేరాడు.

“బాబాయ్, ఏది నొక్కావు?”

“అవును.”

“చదవకుండానే?”

“చదవకేంరా, నువ్వు రాసింది చంటిపిల్లకి కూడా అర్థమయిద్ది. అప్పుడే షట్టర్ ఎత్తా. బోణీ కాలా. మొదటి మాటే వద్దు అనమంటావా? నలభై ఏళ్ళల్లో ఒక్క పొద్దు కూడా అనలా.”

“మనిషితో అనకూడదు గానీ, డబ్బాతో ఏంది బాబాయ్?”

“అడిగింది గదా. అడిగినప్పుడు మనిషైతే ఏంది, డబ్బా అయితే ఏంది?”

ఐజాజ్ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. బియ్యం అయిపోయినా లేవనకుండా నిండుకున్నాయనే బజారు ఇది. పాత మంత్రం ఎవరికీ అర్థంకాక అందరూ అతనికి ఫోన్ చేసేవారు. అతను అర్థమయ్యేలా రాశాకే కొంప మునిగింది.

ఆదివారం తీసిన నకలు అతని దగ్గర ఉంది కాబట్టి సరిపోయింది. సోమ, మంగళవారాలవి బిల్లు పుస్తకం చూసి ఎక్కించారు. కానీ వచ్చే వారం మిగతా నలభై రెండు కొట్లలో ఇదే ప్రశ్న పొద్దున్నే లేస్తుంది. ఆ కొట్లన్నింటి నకళ్ళూ అతని దగ్గర లేవు.

ఆ తెలుగు బృందానికి పెద్ద సాయిసాత్విక. నరసరావుపేటలో ఇంజనీరింగ్ పాఠాలు చెబుతుంది. ఐజాజ్ ఆమెకు ఫోన్ చేశాడు.

“మాట మార్చుకోవచ్చు గానీ, అవును, వద్దు అనే పద్ధతి అసలు ప్యాకేజీలోనే ఉంది ఐజాజ్ గారూ. దాన్ని నడిపేది పోర్చుగల్‌లో ఒకాయన. ఆయన ఒప్పుకోవాలి.”

“వాళ్ళకి బోణీ ఉండదా మేడమ్?”

“ఉండదు.”

“పాపం, యాపారం ఎట్టా చేస్తారో.”

“శనివారం సాయంత్రం అయిదుకి మాటలన్నీ మూసేస్తారు, ఆ తర్వాత మార్చడం కుదరదు. ఆయనకి లెక్క చూపించండి. కథలు పంపకండి.”

కథలు లేకుండా ఐజాజ్ ఒక పని చేయడం అదే మొదలు. శుక్రవారం పొద్దున ఏడున్నరకు ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని బజారులో దిగాడు. ఎడమ వరుసలో పదకొండు కొట్లకు పాత ప్రశ్న చూపించాడు. కుడి వరుసలో పదకొండింటికి కొత్తగా రాసినది: ‘పాత జాబితాను ఏం చేయాలి? అలాగే ఉంచు / పూర్తిగా చెరిపివేయి. చెరిపితే తిరిగి రాదు.’ నొక్కడం అయ్యాక ఒక్కరూ ఊరికే వదల్లేదు. “పొద్దున్నే కొట్లో కాలు పెట్టావుగా, ఏదో ఒకటి కొనుక్కుపో” అన్నారు. తొమ్మిదింటికి అతని సంచిలో గరిటె, అరకిలో బెల్లం, మోకు, రెండు జతల పసిపిల్లల సాక్సు ఉన్నాయి. ఎడమ వరుసలో తొమ్మిది మంది ‘అవును’ నొక్కారు. కుడి వరుసలో పదకొండు మందీ ‘అలాగే ఉంచు’ అన్నారు.

ఆ లెక్కతో పోర్చుగల్ ఆయనకు ఉత్తరం రాశాడు. సాత్విక దాన్ని ఇంగ్లీషు చేయాలి. ఆమె వెంటనే ఫోన్ చేసింది.

“పదకొండు కొట్లు నూట పది ఎట్టా అయ్యాయి?”

“ఒక సున్నా జారింది మేడమ్.”

“సరే, తీసేశా. ‘ఎవరో రాసిన వాక్యం వల్ల జాబితా పోయింది’ అన్నారు. ఆ ఎవరో మీరేగా?”

ఐజాజ్ సంచిలోని మోకును చేతికి చుట్టుకున్నాడు. ఆ వాక్యాన్ని పల్నాడంతా తన పేరు మీద ఊరేగించాడు. ఇప్పుడు దాన్నే దేశం కాని దేశంలో తన పేరు మీద తప్పని రాయాలి.

“నేనే రాశానని పెట్టండి,” అన్నాడు. “ఇంటిపేరుతో సహా.”

శనివారం మూడున్నరకు జవాబు వచ్చింది. రాసినవాడే తప్పు ఎక్కడుందో చూపిస్తే ఇక సందేహమెందుకని ఆ పోర్చుగల్ ఆయన ఇంగ్లీషు ప్రశ్ననే మార్చేశాడు. తెలుగుకే కాదు, ఆ ప్యాకేజీ మాట్లాడే ముప్పై ఒక్క భాషలకూ. ఐజాజ్ తెలుగు వాక్యం ఎక్కించేసరికి నాలుగు నలభై అయింది. అయిదుకు తలుపులు మూసుకున్నాయి. అతని వాక్యం లోపలే ఉంది.

సోమవారానికల్లా ఐజాజ్ నోట ఆ ఇరవై రెండు కొట్లు రెండు వందలయ్యాయి. పోర్చుగల్‌లో కూడా బోణీ మొదలైందని, ఆయన తనను సలహా అడిగాడని కూడా చెబుతున్నాడు. అయితే ఒక్క తేడా వచ్చింది. కొత్త ప్రశ్న బాగుందని ఎవరైనా అంటే, “ముందున్నది చెడగొట్టింది నేనే బాబాయ్” అని చెప్పి, ఆ తర్వాతే కోతలు మొదలుపెడుతున్నాడు.